నీటి మీద ఇల్లు.. నిలకడ లేని బతుకు

కాశ్మీరు యాత్రకు వెళ్లివచ్చిన తెలుగువారిని కదిలిస్తే ముందుగా వచ్చేది దాల్ సరస్సు ప్రస్తావనే. శికారాలో విహారం, హౌస్‌బోటులో ఒక రాత్రి బస, తెల్లవారకముందే పడవల మీద సాగే కూరగాయల సంత.. ఈ ముచ్చట్లన్నీ యాత్రికుల ఫొటోల్లో భద్రంగా ఉంటాయి. అయితే యాత్రికుడు ఒక రాత్రి పడుకుని వెళ్లిపోయిన ఆ పడవ మరొక కుటుంబానికి తరతరాల ఇల్లు. ఆ కుటుంబానికి ఉన్న ఆస్తి, ఉపాధి, చిరునామా అన్నీ ఆ నీటి మీద తేలుతున్నవే. ఆ ఇల్లు కాలినా, మునిగినా, శిథిలమైనా మళ్లీ కట్టుకునే స్వేచ్ఛ మాత్రం వారికి లేదు. శ్రీనగర్‌లోని హౌస్‌బోటు కుటుంబాల నేటి సమస్య అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఆదాయం లెక్కించే వేళ ప్రభుత్వానికి వారు పర్యాటక రంగంలో ఒక భాగం. సరస్సు మురికి గురించి చర్చ వచ్చిన వేళ వారు కాలుష్య కారకులు. ఈ రెండింటికీ మధ్య వారు ఆ సరస్సు నివాసులన్న సంగతి మాత్రం మరుగున పడుతోంది.

పడవే ఇల్లు, పడవే పొలం

హౌస్‌బోటు అన్నది ఆంగ్లేయుల కాలపు పద్ధతి అని సాధారణంగా చెబుతారు. నాటి సంస్థానంలో పరదేశీయులు భూమి కొనడానికి వీలు లేకపోవడంతో 19వ శతాబ్ది చివరిలో వారు నీటి మీదనే విడిదులు ఏర్పాటు చేసుకున్నారన్నది ప్రచారంలో ఉన్న కథనం. విలాసవంతమైన హౌస్‌బోటు విషయంలో ఇది నిజమే కావచ్చు గాని, పడవ మీద కాపురం అంతకు ఎంతో పూర్వమే ఉంది. హాంజీలుగా పిలిచే పడవవారు డూంగా అనే చాపకప్పు పడవల్లో పిల్లాపాపలతో జీవించేవారు. భూమి శిస్తు నిర్ణయాధికారిగా పనిచేసిన వాల్టర్ లారెన్స్ 1895లో ప్రచురించిన తన కాశ్మీరు గ్రంథంలో వీరి గురించి, వీరిలోని వృత్తి శాఖల గురించి వివరించారు. కూరగాయలు పండించేవారు, చేపలు పట్టేవారు, సరుకు రవాణా చేసేవారు.. ఇలా నీటిని నమ్ముకున్న వృత్తులన్నీ వారివే.

నేటికీ ఆ సమాజం తీరు పెద్దగా మారలేదు. దేవదారు కలపతో నిర్మించి, లోపల నగిషీలు చెక్కిన పెద్ద పడవ అతిథులకు. దాని వెనుక ఉండే చిన్న పడవ, లేదా పక్కనున్న దిబ్బ మీది ఇల్లు యజమాని కుటుంబానికి. వంట అక్కడే, పిల్లల చదువు అక్కడే. బడికి పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా, పెళ్లికూతురిని అత్తవారింటికి పంపాలన్నా పడవ కదలాల్సిందే. నీటి మొక్కలు, మట్టి కలిపి అల్లిన తేలియాడే మడుల మీద కూరగాయలు పండిస్తారు. సరస్సు అడుగున పెరిగే తామర తూడులు అక్కడి వంటల్లో ప్రియమైన కూర. వీరి కోసం ఒక హౌస్‌బోటులో తేలియాడే తపాలా కార్యాలయాన్ని కూడా 2011లో ప్రారంభించారు. ఉత్తరం చేరే చిరునామా ఉన్నా, నివాసిగా గుర్తింపు మాత్రం అంతంతమాత్రమే.

నిప్పు రాజుకుంటే..

నీటి మధ్యన ఉన్నవారికి నిప్పు భయం ఏమిటని అనుకోవచ్చు. కానీ హౌస్‌బోటు కుటుంబాలు అన్నింటికన్నా ఎక్కువగా భయపడేది అగ్నికే. దశాబ్దాల తరబడి ఎండిన కలప, లోపల చలిమంట పొయ్యిలు, పాత విద్యుత్ తీగలు, ఒకదానినొకటి ఆనుకుని కట్టిన పడవలు. ఒక పడవలో మంట లేస్తే వరుస అంతా ప్రమాదంలో పడుతుంది. అగ్నిమాపక శకటం ఒడ్డు వరకే రాగలదు. ఆపైన ఇరుగుపొరుగు వారే దిక్కు. పక్క పడవల కట్లు విప్పి దూరంగా నెట్టడం, బకెట్లతో నీళ్లు చల్లడం.. ఇదే వారికి తెలిసిన రక్షణ.

2022 ఏప్రిల్‌లో నిగీన్ సరస్సులో ఒకే రాత్రి ఏడు హౌస్‌బోట్లు దగ్ధమయ్యాయి. 2023 నవంబరు 11న దాల్ సరస్సులో ఐదు హౌస్‌బోట్లు కాలిపోగా, బంగ్లాదేశ్‌కు చెందిన ముగ్గురు పర్యాటకులు ప్రాణాలు కోల్పోయారు. పర్యాటకుల మృతి దేశమంతటా వార్త అయింది. ఒక్క గంటలో ఇల్లు, వ్యాపారం, పూర్వీకుల ఆస్తి మూడూ పోగొట్టుకున్న కుటుంబాల సంగతి మరునాటికే మరుగున పడింది.

శీతకాలంలో మరొక రకమైన కష్టం. కురిసిన మంచు పైకప్పు మీద పేరుకుపోతే ఆ బరువుకు పాత పడవ ఒరిగి మునిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే అర్ధరాత్రి వేళ కూడా ఇంటిల్లిపాదీ లేచి పారలతో మంచు తోడుతుంటారు. ఇంట్లో మగవారు లేని వేళ పక్క పడవవారు వచ్చి ఆ పని చేసిపెట్టడం అక్కడ మామూలు విషయం.

మరమ్మతుకూ అనుమతే

కొత్త హౌస్‌బోట్ల నిర్మాణంపై 1980వ దశకం చివరి నుంచీ నిషేధం ఉంది. సరస్సు రక్షణ కోసం 2001లో ఒక న్యాయశాస్త్ర విద్యార్థి దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంతో ఈ వ్యవహారం హైకోర్టు పర్యవేక్షణలోకి వచ్చింది. 2009 నుంచి మరమ్మతులపై కూడా ఆంక్షలు బిగిశాయి. ఫలితంగా అడుగు పలకలు పుచ్చిపోయినా అనుమతి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవలసిన పరిస్థితి ఏర్పడింది. 2020-21లో ప్రభుత్వం నమోదు, రెన్యువల్, నిర్వహణలకు మార్గదర్శకాలు రూపొందించడం కొంత ఊరట. అయితే దేవదారు కలప ధర, పడవలు కట్టే నిపుణులైన వడ్రంగుల కొరత మరమ్మతును సామాన్య యజమానికి అందకుండా చేస్తున్నాయి.

దాల్, నిగీన్ సరస్సులు, జీలం నది అన్నీ కలిపి నేడు మిగిలిన హౌస్‌బోట్లు సుమారు 900. కాలినవి, మునిగినవి పోగా సంఖ్య తగ్గడమే గాని పెరగడం లేదు. ఒక తండ్రికి ఇద్దరు కుమారులుంటే రెండో కుమారుడికి పడవ లేదు. చదువుకున్న యువకులు ఇతర వృత్తుల్లోకి తరలిపోతున్నారంటే ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు.

కాలుష్యం ఎవరిది?

హౌస్‌బోట్ల మురుగు సరస్సులోకి చేరిందన్న ఆరోపణలో వాస్తవం ఉంది. దానిని యజమానులు సైతం కాదనలేరు. తాము పిల్లలను పెంచుకునే నీటిలోనే వ్యర్థాలను వదలడం ఎవరికీ గౌరవం కాదు. అయితే మొత్తం పాపాన్ని వారి నెత్తినే వేయడం న్యాయమా అన్నది ప్రశ్న.

ఒక చిన్న లెక్క చూద్దాం. 900 హౌస్‌బోట్లలో యజమాని కుటుంబం, అతిథులు కలిపి పడవకు పదేసి మంది ఉన్నారనుకున్నా మొత్తం 9 వేలు. ఒడ్డున ఉన్న శ్రీనగర్ జనాభా 2011 లెక్కల ప్రకారమే 11 లక్షలకు పైబడింది. నగరం మురుగంతా దాల్‌లోకే పారుతుందని కాదు. కానీ సరస్సు చుట్టూ పెరిగిన కాలనీలు, హోటళ్ల కాల్వలు, ఎగువ కొండల నుంచి వచ్చే పూడిక, పొలాల ఎరువుల అవశేషాలు సరస్సుకు చేసే హాని ముందు పడవల వాటా స్వల్పమన్నది స్పష్టం. ఒడ్డున ఉన్న పెద్ద పైపు కంటికి కనబడదు. నీటి మధ్య తేలే పడవ మాత్రం అందరి కంటా పడుతుంది. తప్పు కూడా దానిదేనని తేల్చడం తేలిక.

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగర కాల్వల్లోనూ వేలాది పడవ ఇళ్లు ఉన్నాయి. అక్కడా కొత్త వాటికి అనుమతి దొరకడం కష్టమే. కానీ ఉన్నవాటిని ఇళ్లుగా గుర్తించి, మంచినీరు, విద్యుత్తు, మురుగు పైపులతో అనుసంధానించారు. నిబంధన పెట్టడంతో పాటు దానిని పాటించే సౌకర్యాన్ని కూడా కల్పించడమే అక్కడి తేడా.

కష్టంలో కలిసికట్టు

హౌస్‌బోటు కుటుంబాలను నిలబెడుతున్నది వారి ఐకమత్యమే. 2014 సెప్టెంబరు వరదల్లో శ్రీనగర్ మునిగిపోయినప్పుడు శికారాలే జనానికి ప్రాణరక్షణ నావలయ్యాయి. ఏ పడవలను నగరం బరువుగా భావించిందో ఆ పడవలే నాడు నగరవాసులను మేడల మీద నుంచి దింపి ఒడ్డుకు చేర్చాయి. కోవిడ్ సోకి కోలుకున్న ఒక హౌస్‌బోటు యజమాని, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన తనను ఇంటికి చేర్చడానికి పడవవారు భయపడిన అనుభవంతో, సొంతంగా ఒక తేలియాడే అంబులెన్సునే తయారుచేశారు. ప్రభుత్వం చేయవలసిన పనిని ఒక సామాన్యుడు చేయవలసి రావడం ఆలోచింపజేసే విషయం.

కాశ్మీరులో ఏ అలజడి రేగినా ముందుగా ఖాళీ అయ్యేది వీరి గదులే. 2019 ఆగస్టులో పర్యాటకులను వెళ్లిపొమ్మన్నారు. మరుసటి సంవత్సరం కోవిడ్ వచ్చింది. కోలుకుంటున్నామనుకునే లోపు 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టనపెట్టుకున్నారు. మృతుల్లో విశాఖపట్నం, కావలికి చెందినవారు ఉండటం తెలుగునాట ప్రతి ఇంటినీ కలచివేసింది. మరునాడు కాశ్మీరులో బంద్ పాటించి సామాన్యులు సైతం దుఃఖంలో పాలుపంచుకున్నారు. తరువాత భద్రతా కారణాలతో 87 పర్యాటక స్థలాల్లో 48 మూతపడ్డాయి. ఆ సీజన్‌లో పడవవారి పొయ్యి ఎలా వెలిగిందో ఊహించడం కష్టం కాదు.

కొల్లేరు గుర్తుకు రాదా?

ఇదంతా ఎక్కడో హిమాలయాల కింది కథ అని మనం అనుకోనవసరం లేదు. మన కొల్లేరుకూ ఇదే చిక్కు. 1999లో 5వ కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు తెంచారు. సరస్సును కాపాడాలనడంలో భిన్నాభిప్రాయం లేదు. కానీ పెట్టుబడి పెట్టిన పెద్దలను, వలను నమ్ముకున్న లంక గ్రామాల పేదలను ఒకే గాటన కట్టడం వల్ల వచ్చిన వేదన నేటికీ చల్లారలేదు. దాల్ లోపలి దిబ్బల కుటుంబాలను తరలించడానికి శ్రీనగర్ శివార్లలోని రఖ్-ఎ-అర్థ్ వద్ద కాలనీ కట్టినప్పుడు ఎదురైన ప్రశ్న కూడా ఇలాంటిదే. ఇల్లు ఇస్తారు సరే, నీటికి దూరమైన పడవవాడికి పని ఎవరిస్తారు?

సరస్సు, దాని మీద బతికేవారు పరస్పరం శత్రువులు కారు. నీరు చెడితే మొదట నష్టపోయేది వారే. కనుక కాపలాదారులుగా వారిని మించినవారు దొరకరు. ప్రతి హౌస్‌బోటుకూ మురుగు పైపు అనుసంధానం, పడవ వరుసల మధ్య ఖాళీ, సరస్సులోనే అగ్నిమాపక పడవలు, అందుబాటులో బీమా, మరమ్మతుకు గడువులోగా అనుమతి.. ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. వీటికి బదులుగా చుక్క మురుగు కూడా నీటిలోకి వదలబోమన్న బాధ్యతను యజమానుల సంఘాలు స్వీకరించాలి. ఈ ఒప్పందం కుదరాలంటే ముందుగా వారిని నివాసులుగా గుర్తించాలి. ఒడ్డున ఉన్న ఇంటికి ఒక న్యాయం, నీటి మీద ఉన్న ఇంటికి మరొక న్యాయం ఉన్నంత కాలం ఇల్లూ నిలవదు, సరస్సూ మిగలదు.