లెక్క చేయకండి... చాలుతుందో లేదో చూడండి!

నంగునూరు కుర్రాడైనా, హైదరాబాద్ అమ్మాయైనా తెలంగాణలో కన్వీనర్ కోటాలో ఎంబీఏ, ఎంసీఏ సీటు కావాలంటే ఐసెట్ రాయాల్సిందే. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు... అంటే ఒక్కోదానికి 45 సెకన్లే! వాటిలో 20 డేటా సఫిషియన్సీవి. వీటిలో జవాబు ఎంతో కనిపెట్టక్కర్లేదు. ఇచ్చిన రెండు ముక్కల సమాచారంతో చెప్పగలమా లేదా అన్నదే ప్రశ్న.

నంగునూరులో ఓ గొర్రెల మంద ఉందనుకుందాం. 24 చొప్పున విడదీస్తే ఏమీ మిగలకుండా సరిపోతాయా? మొదటి సమాచారం: నాలుగేసి లెక్కిస్తే మిగలవు. రెండోది: ఆరేసి లెక్కించినా మిగలవు. విడివిడిగా ఏదీ చాలదని ఇట్టే తెలిసిపోతుంది. మరి రెండూ కలిపితే? తొందరపడి నాలుగార్లు ఇరవై నాలుగు అనుకున్నారో, మార్కు పోయినట్టే. మందలో 48 ఉంటే సరిపోతాయి. 36 ఉన్నా రెండు మాటలూ నిజమే, కానీ 12 మిగిలిపోతాయి. ఒకసారి అవును, ఒకసారి కాదు... కాబట్టి సమాచారం చాలదు. 4, 6ల క.సా.గు. 12 కదా మరి! ప్రశ్నలో 24 బదులు 12 అని ఉంటే రెండూ కలిసి సరిపోయేవే.

కొత్తవాళ్లకు ఓ పట్టాన మింగుడుపడని సంగతి ఇంకోటుంది. మందలో గొర్రెల సంఖ్య బేసి అని చెబితే? 24 చొప్పున సరిపోవని ఖాయంగా తేలిపోయింది. అంటే సమాచారం చాలినట్టే. కచ్చితమైన 'కాదు' కూడా జవాబే!

గొర్రెలు మైనస్‌లో ఉండవు గానీ పూర్ణాంకాలు ఉంటాయి. వర్గం 49 అనగానే 7 అనేయకండి, -7 కూడా కావచ్చు. 'ధన' అన్న మాట ప్రశ్నలో ఉందో లేదో చూశాకే మౌస్ కదపాలి.