ధ్యానానికి తీరిక కావాలా?

ధ్యానమనగానే గృహస్థులు "మాకంత తీరికేదీ?" అంటారు. నిత్యం పది నిమిషాలు చాలునని నా అభిప్రాయం. ఆదివారం నాడు గంటసేపు కూర్చొనుటకన్న అదే మేలు.

ఉదయం కాలకృత్యాల అనంతరం, కాఫీకి ముందే, చాపపైనో కుర్చీలోనో వెన్ను నిటారుగా నిలిపి కూర్చోండి. కనులు మూసి, సహజంగా సాగే శ్వాసను గమనించండి. మనస్సు పిల్లల ఫీజులవైపు పరుగుతీస్తే విసుగు చెందక మరల శ్వాసపైకి మళ్ళించండి. ఆ మళ్ళింపే అభ్యాసం. పతంజలి మహర్షి అష్టాంగాలలో ధ్యానం ఏడవది. కనుక తొలినాడే మనస్సు నిలువలేదని నిరాశ వలదు.

ఒక్క హెచ్చరిక: ధ్యానం చేస్తున్నామని రక్తపోటు, మధుమేహం మందులను వైద్యుని సలహా లేకుండా మానరాదు.

కోపం మాటగా మారకముందే ఒక్క క్షణం ఆగగల ఓర్పు అలవడితే ఇంటిల్లిపాదికీ సుఖమే.