దోసతోటను తిట్టకముందు ఆకు తిప్పి చూడండి

మేము చదివింది తమిళంలో, తెలుగు రాత పెద్దయ్యాక నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించండి.

పోయిన మీటింగులో మన హోసూరు పక్క సభ్యులిద్దరు మాటా మాటా అనుకున్నారు. ఒకరిది కోసు తోట, గట్టు అవతల ఇంకొకరిది దోస. రెండింటికీ బూజు తెగులు వచ్చింది. "నీ దోస నుంచే నా కోసుకు అంటుకుంది" అని ఈయన. ఇప్పుడు ఇద్దరికీ మాటలు లేవు.

మా అభిప్రాయం చెప్తాము. ఈ తగవుకు ఆధారం లేదు. తెగులు పేరు ఒకటే గానీ, దోసకు వచ్చే బూజు వేరు, ద్రాక్షకు వచ్చేది వేరు, కోసుకు వచ్చేది వేరు. ఒక రూటు టికెట్టు ఇంకో రూటులో చెల్లనట్టే, దోస మీద బతికే బూజు కోసు మీద బతకదు. 1918లోనే గాయ్‌మాన్ అనే శాస్త్రవేత్త, ఆవాల కుటుంబంలో కూడా ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క రకం బూజు ఉంటుందని రాశాడు. తరువాతివాళ్ళు అన్నిటినీ ఒకటే అని కలిపేశారు. ఈమధ్య జన్యువులు చూసి మళ్ళీ వేరు చేస్తున్నారు.

అయితే అసలు ప్రమాదం ఎక్కడుంది? కోసు, కాలీఫ్లవర్, నూల్‌కోల్ సంతలో మూడు పేర్లు, కానీ మూడూ ఒకే జాతి మొక్క. ఒకదాని బూజు మిగతా రెండింటికీ సులభంగా పాకుతుంది. కోసు కోసి కాలీఫ్లవర్ పెట్టి "పంట మార్చాము" అంటే అది మార్పు కాదు. ముల్లంగి, ఆవాలు దూరపు చుట్టాలు. కోసు బూజు వాటిమీద చాలావరకు అంత జోరుగా రాదు, అసలు రాదని మాత్రం అనలేము. చిక్కుడు, రాగి లాంటివి వేస్తే నిజమైన మార్పు.

గుర్తు పట్టడం సులభం. తమిళంలో దీన్ని అడిచ్చాంబల్ అంటారు, అడుగున బూడిద అని. ఆకు పైన పసుపు మచ్చ, తిప్పి చూస్తే అడుగున తెల్లటి బూజు. మంచు పడే చల్లని రాత్రుల్లో, ఆకు తడిగా ఉంటే పెరుగుతుంది. నారుమడిలో ఒత్తుగా పోస్తే లేతనారే పోతుంది. ఆకు పైన తెల్లపొడి పూసినట్టుండే బూడిద తెగులు వేరే జబ్బు. దానికి కొట్టే గంధకం దీనికి పనిచేయదు.

అందుకే సంఘానికి మా విన్నపం. నారు పోసేముందు ఎవరు ఏ పంట వేస్తున్నారో ఒక నోటుబుక్కులో రాసుకుందాం. కోసిన తోటలో మోళ్ళు, ఆకులు వదలకుండా తీసేద్దాం. తడి సాయంత్రం కాకుండా పొద్దున్నే పెడదాం.

ఆ ఇద్దరినీ వచ్చే ఆదివారం మా ఇంటికి కాఫీకి పిలిచాము. రెండు తోటల ఆకులూ తెమ్మన్నాము. వీలైనవాళ్ళు మీరూ రండి.