కీలు కుదిరిన మాట

మొన్న సాయంత్రం మా పక్కింటావిడ ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని గబగబా వచ్చింది. మూడో తరగతి చదివే కూతురికి మార్కులు బాగానే వచ్చాయి. కింద టీచరు రాసిన ముక్క దగ్గరే ఆవిడ గుండె ఆగింది. "నీడ్స్ టు బి మోర్ ఆర్టిక్యులేట్" అని ఉంది. "పిన్నిగారూ, మా పిల్లకి నత్తి అని రాశారా ఏంటి? ఇంట్లో గడగడా మాట్లాడుద్దే!" అంది కళ్ళనీళ్ళు పెట్టుకుని.

నత్తి కాదమ్మా, కంగారుపడకు అని కూర్చోబెట్టాను. మీ ఇంటికీ ఇలాంటి కార్డు రావచ్చు కనుక ఈ వారం ఆ మాట సంగతే చూద్దాం.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని 'ఆర్టిక్యులస్'. అంటే చిన్న కీలు. మన ఇబ్రహీంపట్నం పక్కనే ఉన్న కొండపల్లిలో బొమ్మలు చేయడం చూసే ఉంటారు. తెల్ల పొణికి కర్రతో చేతులు, తల, ఒళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఏ ముక్క ఎక్కడ కుదరాలో అక్కడ కుదిరితేనే అది బొమ్మ. మాటా అంతే. అక్షరాలు, ఆలోచనలు విడివిడిగా స్పష్టంగా ఉండాలి, ఒకదానికొకటి అతకాలి.

అందుకే దీనికి మూడు అర్థాలు. ఒకటి, అక్షరాలు స్పష్టంగా పలకడం. 'ళ'ను 'ళ'గా, 'ణ'ను 'ణ'గా పలికితే ఆర్టిక్యులేషన్ బాగున్నట్టు. రెండు, మనసులో ఉన్నది ఎదుటివాళ్ళకు అర్థమయ్యేలా వరసగా చెప్పగలగడం. టీచరు రాసింది ఇదే. మూడు, కీళ్ళతో అతికి ఉండడం. మన రింగ్ దగ్గర మలుపు తిరిగేటప్పుడు ముందు భాగం ఒక వైపు, వెనక భాగం మరో వైపు వంగే పొడవాటి లారీలుంటాయే, వాటిని ఆర్టిక్యులేటెడ్ లారీలంటారు.

పలకడంలోనూ చిన్న తిరకాసుంది. 'స్పష్టంగా చెప్పు' అని క్రియగా వాడితే చివర 'లేట్' అని సాగదీయాలి. 'స్పష్టంగా చెప్పగల మనిషి' అని విశేషణంగా వాడితే 'లెట్' అని పొట్టిగా ముగించాలి. రెండింటిలోనూ 'టిక్' దగ్గరే ఒత్తి పలకాలి. దీనికి వ్యతిరేకం 'ఇనార్టిక్యులెట్'. కోపంతోనో దుఃఖంతోనో మాట పెగలని వాళ్ళనీ అలాగే అంటారు.

దీన్ని ఇంకో రెండు మాటలతో కలపకండి. 'ఫ్లూయెంట్' అంటే తడుముకోకుండా మాట్లాడడం. 'టాకెటివ్' అంటే వాగుడుకాయ. గంటసేపు గడగడా మాట్లాడినా ఏం చెప్పారో తెలియకపోతే ఆర్టిక్యులేట్ కానట్టే. నాలుగు ముక్కల్లో విషయం తేల్చేవాళ్ళు అవునన్నట్టే.

ఇంతా చెప్పి, పిల్లను పిలిచి "బళ్ళో ఇవాళ ఏం జరిగిందమ్మా?" అని అడిగాను. అది నోరు తెరిచేలోగా వాళ్ళమ్మే "ఇవాళ డ్రాయింగ్ పిరియడ్ అండి" అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అమ్మే. మూడోసారికి ఆవిడే నాలిక కరుచుకుంది. "అయ్యో, దాని మాటలన్నీ నేనే మాట్లాడేస్తున్నాను కదూ!" అంది. చుట్టాలు అడిగినా, డాక్టరు అడిగినా మనమే జవాబు చెప్పేస్తుంటే పిల్లలు మాట కూర్చుకోవడం ఎప్పుడు నేర్చుకుంటారు?

ఇంట్లో ఇలా చేసి చూడండి. మీరు పులిహోర కలిపేటప్పుడు పిల్లను పక్కన నిలబెట్టండి. తర్వాత "ముందేం చేశాను, ఆ తర్వాత?" అని అడగండి. తడబడినా అందించకండి, ఆగండి. తెలుగులోనే చెప్పనివ్వండి. వరస కుదిరితే ఇంగ్లీషులో చెప్పడం తర్వాత తేలికవుతుంది.

ఒక్క జాగ్రత్త. నాలుగేళ్ళు దాటినా పిల్లల మాట బయటివాళ్ళకు అర్థం కాకపోతే ముందు వినికిడి పరీక్ష చేయించండి. సరిగా వినపడకపోతే పలకడమూ సరిగా రాదు. ఆ తర్వాత స్పీచ్ థెరపిస్టుకు చూపించవచ్చు. "పెద్దయ్యాక అదే వస్తుందిలే" అని వదిలేయకండి.

మనకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఈ మాట మనది కాదనుకోకండి. ఆవకాయ కొలతలు పక్కింటికి తప్పు పోకుండా చెప్పే ఇల్లాలు ఆర్టిక్యులేటే. అదే తీరు ఆసుపత్రిలోనూ చూపించండి. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం చేస్తే ఎక్కువవుతోంది అన్న మూడు ముక్కలు ఇంటి దగ్గరే అనుకుని వెళ్ళండి. మీ ఒంటి సంగతి మీవారు చెప్పేదాకా ఆగకండి.

నిన్న ఆ పిల్ల మా గుమ్మంలో నిలబడి, పులిహోరలో పోపు ఎప్పుడు వేయాలో నాకే చెప్పింది. ఇంగువ మరిచిపోయింది. వాళ్ళమ్మ పెదవి కొరుక్కుని ఊరుకుంది!

వచ్చే వారం మరో మాట.