మీ కారు పాట, మా కిటికీ అద్దం

స్పోర్ట్స్ కారు శబ్దం గురించి మన దగ్గర రెండే వాదనలు వినిపిస్తాయి. కారున్నవాళ్లు "అది రొద కాదండీ, సంగీతం, తెలిసినవాళ్లకే తెలుస్తుంది" అంటారు. కారు లేనివాళ్లు, ముఖ్యంగా మనలాంటి పుస్తకాల పురుగులు, "అదంతా డబ్బు మదం, మగ పొగరు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రెండూ బద్ధకపు వాదనలే. మొదటిది పక్కింటివాడిని లెక్కలోంచి తీసేస్తుంది. రెండోది అసలు వినడానికే ఒప్పుకోదు.

సరే, ముందు విందాం. సిలిండర్లో పెట్రోలు మండిన ప్రతిసారీ వేడి గాలి ఒక్క ఉదుటున బయటికి తన్నుకొస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే అలాంటి తన్నులు సెకనుకు 100, 6000 దగ్గర 300. అంటే యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ శ్రుతి నిజంగానే పెరుగుతుంది. గొట్టం ఎంత పొడవు, ఎంత లావు, ఎక్కడ ఇంకో గొట్టంతో కలుస్తుంది అన్నదాన్ని బట్టి గొంతు మారుతుంది. పాత సుబారు కార్లకు ఆ ప్రత్యేకమైన గుడగుడ రావడానికి కారణం ఇంజన్‌కి రెండు పక్కలా ఉన్న గొట్టాలు సమానంగా లేకపోవడమే. హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ తన ఇంజన్ శబ్దాన్ని ట్రేడ్‌మార్క్ చేసుకుందామని 1994లో దరఖాస్తు పెట్టి, ఏళ్లపాటు కొట్లాడి, 2000లో వదిలేసింది. ఇంత పనితనం, ఇంత మమకారం ఉన్నదాన్ని ఉత్త గోల అని కొట్టిపారేయలేం. అది నచ్చడం నేరమేమీ కాదు.

నా పేచీ ఆ శబ్దం ఎవరి కోసం అన్న దగ్గర మొదలవుతుంది.

పోర్షే 911కి స్పోర్ట్ ఎగ్జాస్ట్ ఆప్షన్ తీసుకున్నంత మాత్రాన కంపెనీ చెప్పే హార్స్‌పవర్ అంకె పెరగదు. అంటే ఆ డబ్బంతా ధ్వని కోసమే. తప్పేముంది, వీణ కొంటే మైలేజీ వస్తుందా అనొచ్చు మీరు. నిజమే. కానీ వీణ వాయించేవాడు తన వీణ పక్కనే కూర్చుంటాడు, అందరికంటే ముందు తనే వింటాడు. ఈ వాద్యం నోరు కారు వెనకాల, బయటికి తిరిగి ఉంది. కొన్నవాడు మూసిన అద్దాల మధ్య, మెత్తటి సీట్లో కూర్చుంటాడు. కచేరీలో సింహభాగం వీధికి పోతుంది.

బీఎండబ్ల్యూ 2011లో తెచ్చిన ఎం5లో ఇంజన్ శబ్దాన్ని లోపలి స్పీకర్లలోంచి కూడా వినిపించింది. కారు ప్రియులు అది దొంగ పాట అని భగ్గుమన్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఆ స్పీకర్‌లో ఒక మర్యాద ఉంది: డబ్బు కట్టినవాడికే పాడుతుంది. దాన్ని అంతగా అసహ్యించుకున్నామంటే మనం 'అసలైన శబ్దం' అంటున్నదాంట్లో దారిన పోయేవాడి చెవి కూడా ఒక భాగమన్నమాట. ఈ మాట పైకి ఎవరూ అనరు.

ఇక కొన్నాక దాంతో కాపురం. షోరూమ్ ముందు పది నిమిషాలు ఒళ్లు పులకరించిన ఎగ్జాస్టే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే స్పీడులో అరగంట పోయేసరికి తలపోటు తెప్పించగలదు. ఇందాకటి లెక్కే: 2000 ఆర్‌పీఎం, సెకనుకు 100 తన్నులు. ఆ మంద్రమైన హోరు క్యాబిన్‌లో నిండి, మాటల మీద మూతలా పడుతుంది. దీన్ని డ్రోన్ అంటారు. అందుకే మంచి ఎగ్జాస్టుల్లో ఆ హోరుని మింగే రెజొనేటర్ పెడతారు, గొట్టంలో ఒక వాల్వ్ పెడతారు, డ్యాష్‌బోర్డు మీద దానికో బటన్ ఇస్తారు. నొక్కితే వాల్వ్ తెరుచుకుని పాట, మళ్లీ నొక్కితే ప్రశాంతత.

నా వాదనంతా ఆ బటన్ మీదే. అక్కర్లేనప్పుడు వినాల్సొస్తే ఈ శబ్దం హింసేనని కారు తయారుచేసినవాడూ, కొన్నవాడూ ఒప్పుకున్నారనడానికి అదే సాక్ష్యం. మరి మూడో అంతస్తులో జ్వరంతో పడుకున్న పిల్లాడి తల్లికి ఆ బటన్ ఏదీ? పైగా మంద్ర ధ్వనులు గోడల్నీ కిటికీల్నీ సులువుగా దాటేస్తాయి. అద్దం గజగజలాడేది అందుకే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. డెసిబెల్ లెక్కలో 10 పెరగడమంటే ధ్వని శక్తి పదింతలు కావడం. "కాస్త ఎక్కువ" అనేది ఆ లెక్కలో చాలా ఎక్కువ.

చట్టం లేదా అంటే ఉంది. విశాఖలో, హైదరాబాద్‌లో పోలీసులు సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోలర్‌తో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. అవి దాదాపు అన్నీ బైకులవి. బుల్లెట్‌కి ఇండోరి సైలెన్సర్ బిగించుకున్న కుర్రాడిది మోటారు వాహనాల చట్టం ప్రకారం అక్రమ మార్పు. 2019 సవరణ తర్వాత శబ్ద ప్రమాణాలు మీరితే జరిమానా 10,000 దాకా పోవచ్చు. అదే రోడ్డు మీద వాల్వ్ తెరుచుకుని పోయే కోట్ల రూపాయల కారుది మార్పు కాదు, ఫ్యాక్టరీ ఆప్షన్. కాగితాలు శుభ్రం. గొట్టం మారిందా అని చూడటం తేలిక. రాత్రి పదకొండింటికి జూబ్లీహిల్స్ మలుపులో ఆ గొట్టంతో ఏం చేశారో చూడటం కష్టం. నేను బుల్లెట్ కుర్రాణ్ని వెనకేసుకు రావడం లేదు. రోలర్ ఫొటో చూసి చప్పట్లు కొట్టే మనం పెద్ద కారు పోతుంటే ఫోన్ తీసి వీడియో ఎందుకు తీస్తున్నామని అడుగుతున్నాను.

"శబ్దం ఉంటేనే అవతలివాళ్లు చూసుకుంటారు, ప్రాణాలు దక్కుతాయి" అనే వాదన ఒకటుంది. గొట్టం తిరిగింది వెనక్కి, ఎదురయ్యే ప్రమాదం ముందు. ఇంకొకటి, యాక్సిలరేటర్ వదలగానే టపటపా పేలే చప్పుడు. ఆధునిక కార్లలో చాలావరకు అది ఇంజన్ సహజంగా తీసే కూత కాదు, కంప్యూటర్‌తో కావాలని రాయించింది. పేలేలా చేయడానికే పెట్రోలు తగలేస్తారు. దాన్ని సంగీతం అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఊరి బయట తెరుచుకుంటాం అంటారా? హైదరాబాద్ వాళ్లకి ఇష్టమైన శ్రీశైలం ఘాట్ దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యలోంచి పోతుంది. అక్కడా చెవులున్నాయి. కాబట్టి తెరుచుకునే చోట్లు నిజంగానే తక్కువ: రేసు ట్రాక్, మనుషులూ జంతువులూ లేని ఖాళీ రోడ్డు. ఆ కొద్ది చోట్లు చాలవనుకునేవాళ్లకి ఒక గుర్తు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసులో ఏ కారుకీ ఎగ్జాస్ట్ గొట్టమే లేదు. ఎవరూ నిద్రపోలేదు.

కొనేవాళ్లకి అందుకే చెబుతున్నా. వాల్వ్ లేని ఎగ్జాస్ట్ కొనకండి. పొద్దున్నే సెల్లార్‌లో చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు వాల్వ్ దానంతటదే తెరుచుకుంటుందేమో కనుక్కోండి, అపార్ట్‌మెంట్ అంతా లేచేది అప్పుడే. టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ ఇంకొకరికిచ్చి, మీరు ఏదో ఒక ఇంటి లోపల కిటికీ మూసుకుని కూర్చుని వినండి. ఆ తర్వాత ఒక నెల రోజులు వాల్వ్ మూసే నడపండి. అప్పటికీ ఆ కారు మీకు ముద్దొస్తుంటే, మీది నిజంగా కారు మీద ప్రేమే. రాకపోతే మీరు ఇన్నాళ్లూ ఆనందించింది ఫుట్‌పాత్ మీద తిరిగే తలకాయల్ని. వాటి కోసం ఆ తల్లి నిద్ర ఖర్చుపెట్టే హక్కు మీకు ఏ ఆప్షన్ లిస్టులోనూ రాలేదు.