ఇంటింటి ఇంగ్లీషు: నాన్న ఉంటే కట్టేవాడు

పోయిన నెల మా వీధి అమ్మాయి ఒకతె ఫీజు రాయితీ కోరుతూ కాలేజీకి రాసిన అర్జీ దిద్దిపెట్టమని తెచ్చింది. తండ్రి పోయి రెండేళ్లయింది. తల్లి కూలికి వెళ్లి చదివిస్తున్నది. అర్జీలో ఒక వాక్యం ఇలా ఉంది: “ఇఫ్ మై ఫాదర్ ఈజ్ ఎలైవ్, హి విల్ పే ద ఫీజు.”

చదివి కాసేపు మాట్లాడలేకపోయాను. ఆ పిల్ల చెప్పదలచుకున్నది “నాన్న ఉంటే ఫీజు కట్టేవాడు” అని. ఇంగ్లీషు తెలిసినవారికి అందులో కనబడేది మాత్రం, తండ్రి బతికి ఉన్నాడో లేడో తెలియదు, ఉంటే కడతాడు అని!

“నాన్న ఉంటే కడతాడు”, “నాన్న ఉంటే కట్టేవాడు” – రెండూ ఒకసారి పైకి అని చూడండి. ‘ఉంటే’ మారలేదు. మొదటిది వింటే ఆయన ఇంకా పొలం నుంచి రాలేదేమో అనుకుంటాం. రెండోది వినగానే ఆయన లేడని తెలిసిపోతుంది. మనకు ఆ సంగతంతా చివరి క్రియే చెబుతుంది. ఇంగ్లీషులో అలా కాదు, రెండు క్రియలూ మారాలి.

జరగవచ్చు అనుకున్నదానికి ఇఫ్ పక్కన వర్తమానకాలం చాలు. “ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, వి విల్ సో ద సీడ్స్.” రేపటి మాటే అయినా ఇఫ్ పక్కన విల్ పెట్టకూడదు. మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. (మర్యాదగా అడిగేటప్పుడు “ఇఫ్ యు విల్ వెయిట్” అనడం ఉంది గాని, దాని జోలికి ఇప్పుడు వద్దు.)

ఇప్పుడు లేనిదాన్ని ఉన్నట్టు ఊహిస్తే భూతకాలం వాడాలి: “ఇఫ్ మై ఫాదర్ వర్ ఎలైవ్, హి వుడ్ పే ద ఫీజు.” ఈ భూతకాలం నిన్నటి సంగతి అని కాదు, నిజం కాదు అని చెప్పడానికి. బడిలో మాకు పట్టిక వల్లె వేయించారే గాని ఈ ముక్క చెప్పినవారు లేరు. ‘ఫాదర్’ ఏకవచనం కదా, ‘వాజ్’ రావద్దా అని అడుగుతారు. మాటల్లో వాజ్ అనేవారూ ఉన్నారు. అర్జీలో వర్ మేలు.

“అలా రాస్తే నాన్న లేడని వాళ్లకు తెలుస్తుందా మాస్టారూ?” అని అడిగింది.

“తెలుస్తుందమ్మా” అన్నాను. అయినా తండ్రి చనిపోయిన సంగతి ముందు వాక్యంలో విడిగా రాయించాను. అర్జీ చదివేవారు తొందరలో ఉంటారు.

ఇక గడిచిపోయినదానికి: “ఇఫ్ మై ఫాదర్ హాడ్ బీన్ ఎలైవ్ లాస్ట్ ఇయర్, హి వుడ్ హావ్ పెయిడ్ ద ఫీజు.” మనం ఇప్పటికీ నిరుటికీ కూడా ‘కట్టేవాడు’ అనే సరిపెట్టుకుంటాం, అందుకే తికమక. ఇఫ్ పక్కన వుడ్ హావ్ రాసేవారున్నారు. అక్కడ హాడ్ చాలు.

ఒక్కోసారి రెండు భాగాల కాలాలు వేరుగా ఉంటాయి. అప్పుడు బాగా చదివి ఉంటే ఇప్పుడు టీచరునయ్యేవాణ్ణి అనడానికి “ఇఫ్ ఐ హాడ్ స్టడీడ్ వెల్ దెన్, ఐ వుడ్ బి ఎ టీచర్ నౌ” అనాలి.

ఈలోగా మీ పిల్లలచేత ఈ రెండూ ఇంగ్లీషులో రాయించండి: “బస్సు దొరికితే సాయంత్రానికి వస్తాం.” “బస్సు దొరికి ఉంటే నిన్ననే వచ్చేవాళ్లం.”