తుపాకీ ఇచ్చారు, గేటు దాటనివ్వలేదు

యూనిఫాం వేసుకుంటే కులం పోతుందని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. వాడల్లోని పిల్లలు తెల్లారకముందే లేచి రోడ్ల మీద పరుగులు తీసేది జీతం కోసమే కాదు, ఆ గౌరవం కోసం కూడా. ఆ ఆశను మేం ఎగతాళి చెయ్యం. కానీ అమెరికా నల్లవాళ్ల అనుభవం ఒకటి మనమంతా తెలుసుకోవాలి.

రెండో ప్రపంచయుద్ధం నాటి మాట. హిట్లర్ జాతి అహంకారాన్ని అణచడానికే యుద్ధం చేస్తున్నామని అమెరికా చెప్పుకుంది. అదే అమెరికా తన మెరైన్ దళంలోకి నూట నలభై ఏళ్లకు పైగా నల్లవాణ్ణి రానివ్వలేదు. 1942 జూన్ 1న తలుపు తెరిచింది. తలుపు తెరిచింది గానీ ఇల్లు మాత్రం వేరే చూపించింది. నార్త్ కరోలినా రాష్ట్రంలో క్యాంప్ లెజూన్ అనే పెద్ద శిక్షణ కేంద్రం తెల్లవాళ్లది. దానికి ఎడంగా, అడవిలో, మాంట్‌ఫోర్డ్ పాయింట్ అనే చోటు నల్లవాళ్లది. మన భాషలో చెప్పాలంటే అది ఊరు, ఇది వాడ.

1942 ఆగస్టు 26న మొదటి కుర్రాళ్లు అక్కడ దిగారు. దక్షిణాదికి రైల్లో వచ్చేటప్పుడే వాళ్లకు వేరే పెట్టె. క్యాంపులో అట్టలతో కట్టిన గుడిసెలు. చుట్టూ చిత్తడి, దోమలు, పాములు. పైన్ చెట్లు నరికి చోటు చదును చేసుకునే పనీ వాళ్లదే. తెల్లవారకముందే లేవాలి. కవాతు, పరుగు, తుపాకీ తుడవడం, మళ్లీ కవాతు. తుపాకీ బరువు తెల్లవాడికీ నల్లవాడికీ ఒకటే. కానీ పక్కనున్న లెజూన్‌లో అడుగు పెట్టాలంటే నల్ల సిపాయి వెంట ఒక తెల్లవాడు ఉండాలి! సెలవు రోజు పట్నానికి పోదామంటే బస్సులో వెనక సీటే గతి. యూనిఫాం ఒంటిమీద ఉండగానే ఈ అవమానం.

1943కల్లా కవాతు నేర్పే ఉస్తాదులంతా నల్లవాళ్లే అయ్యారు. ఆఫీసర్లు మాత్రం అంతా తెల్లవాళ్లే. శిక్షణ అయినవాళ్లలో ఎక్కువమందికి దక్కింది మందుగుండు మోసే పని, సామాను దించే పని. 1944 జూన్‌లో సైపాన్ దీవిలో ఆ మోసేవాళ్లే తుపాకీ పట్టి పోరాడాల్సొచ్చింది. పోరాడారు. ప్రాణాలిచ్చారు.

ఇంతకీ తలుపు ఎందుకు తెరుచుకుంది? దొరల దయ వల్ల కాదు. రైలు కూలీల సంఘం కట్టిన ఫిలిప్ రాండాల్ఫ్, లక్షమందితో వాషింగ్టన్‌కు కదులుతామని 1941లో హెచ్చరించాడు. యుద్ధ పరిశ్రమల్లో వివక్ష కూడదని జూన్ 25న రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇవ్వక తప్పలేదు. 1948లో, వేరుచేసే సైన్యంలో చేరొద్దని ఆయనే పిలుపిచ్చాడు. ఆ జూలై 26న ట్రూమన్ సైన్యంలో సమానత్వానికి ఉత్తర్వు ఇచ్చాడు. 1949లో మాంట్‌ఫోర్డ్ పాయింట్ వాడ మూతపడింది. అప్పటికి దాదాపు ఇరవై వేలమంది అక్కడ తయారయ్యారు. వాళ్లకు దేశం బంగారు పతకం ఇచ్చింది 2012లో. అప్పటికి ఎంతమంది బతికున్నారు?

మనకిది కొత్త కథ కాదు. మహార్లను సైన్యంలోకి తీసుకోవడం మానేసిన తెల్లదొరలకు, 1941లో యుద్ధం ముంచుకొచ్చాక, అంబేద్కర్ పట్టుబట్టాక, మహార్ రెజిమెంటు అవసరమైంది. యుద్ధమొస్తే మనం గుర్తొస్తాం.

కార్యకర్తలకు మా మాట ఒక్కటే. సెలవు మీద ఇంటికొచ్చిన మన జవానుతో కూర్చోండి. అతని కష్టసుఖాలు వినండి. ఊరి హోటల్లో అతనికి ఏ గ్లాసులో టీ పోస్తున్నారో చూడండి. యూనిఫాం విప్పాక మిగిలే మనిషికి గౌరవం దక్కాలంటే సంఘమే దిక్కు.